ఐరన్స్ కొత్తవి కొనాలా, వాడినవి చాలా?

ఫ్రిస్కో తమ్ముడు:
అన్నలూ, అక్కలూ, ఒక సలహా కావాలి. డాలస్ వైపు ఉంటాను, ఏడాదిగా వీకెండ్స్‌లో గోల్ఫ్ ఆడుతున్నాను. స్కోరు (మొత్తం ఎన్ని దెబ్బలు పట్టాయన్న లెక్క, తక్కువైతేనే మంచిది) 105 దగ్గర ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఫ్రెండ్ ఇచ్చిన స్టార్టర్ సెట్‌తో నెట్టుకొచ్చాను. ఇప్పుడు సొంతంగా ఐరన్స్ (ఉక్కు తల ఉన్న క్లబ్బులు) కొనాలి. పింగ్ జీ440 కొత్త సెట్ వెయ్యి డాలర్లు దాటుతోంది. అదే కంపెనీ 2019లో తెచ్చిన జీ410 సెట్ వాడినది అందులో సగానికే దొరుకుతోంది. ఏది తీసుకోమంటారు? ఇంకో సంగతి, నేను బాగా కొట్టాననుకున్న బంతి కూడా ఎడమకి పోతోంది. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, కుడిచేతి వాటం.

ప్లేనో పెద్దన్న:
వాడినదే తీసుకో తమ్ముడూ, ఆలోచించే పనే లేదు. ఐరన్ అంటే ఉక్కు ముక్క. అందులో అరిగేవి రెండే, గ్రూవ్స్ (బంతికి తగిలే ముఖం, అంటే ఫేస్ మీది గాళ్లు), చేత్తో పట్టుకునే గ్రిప్. గ్రిప్‌లు ఎలాగూ మార్చుకునేవే, సెట్ మొత్తానికి వంద డాలర్ల చుట్టూ అవుతుంది.

కొత్తది దూరం పోతుందని షాపులో మానిటర్ మీద చూపిస్తారు. ఆ దూరం ఎక్కడిదో చూడాలి కదా. 1990ల్లో 7 ఐరన్ లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలే కోణం, తగ్గితే బంతి దూరం పోతుంది) 34, 35 డిగ్రీలు ఉండేది. జీ440లో 29. అంటే పాత లెక్కలో అది 5కి, 6కి మధ్య ఐరన్. అంకె 7 అని ఉంది కాబట్టి మనకి సంబరం. ఫేస్ ఎంత స్ప్రింగ్‌లా పని చేయొచ్చన్న దానికి అమెరికా గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ హద్దు పెట్టింది, అది ఐరన్స్‌కీ వర్తిస్తుంది. కాబట్టి ఏటేటా అద్భుతాలేమీ జరగవు.

ఆ లాఫ్ట్‌కి ఖర్చు ఇంకోచోట తగులుతుంది. జీ440లో పిచింగ్ వెడ్జ్ (దగ్గరి దెబ్బలకి వాడే, లాఫ్ట్ ఎక్కువున్న క్లబ్) 41 డిగ్రీలు. నీ బ్యాగులో ఉన్న శాండ్ వెడ్జ్ 56 అనుకుందాం. మధ్యలో 15 డిగ్రీల ఖాళీ. 100 గజాల దగ్గర ఏది తీయాలో తెలియక సగం స్వింగులు వేస్తూ ఉంటావు. అది పూడ్చడానికి ఇంకో వెడ్జ్ కొనాలి, ఒక్కోసారి రెండు. ఆ డబ్బు కూడా కొత్త సెట్ ధరలో కలుపుకో.

ఎడిసన్ అక్క:
పెద్దన్న గారూ, లాఫ్ట్ గురించి మీరన్నది నిజమే. కానీ తమ్ముడు బంతి ఎడమకి పోతోందని చెప్పాడు, దాన్ని మీరు అసలు పట్టించుకోలేదు. షాపులో దొరికే స్టాండర్డ్ సెట్ సగటు అమెరికన్ మగవాడి కొలతకి చేసింది. మనవాళ్లలో ఐదున్నర అడుగుల వాళ్లు చాలామంది. వాళ్లు ఆ ఐరన్ పట్టుకుంటే చేతులు కిందకి వస్తాయి, టో (క్లబ్ తల కొన) పైకి లేస్తుంది, హీల్ (కర్ర వైపు చివర) నేలకి ఆనుతుంది. అప్పుడు ఫేస్ ఎడమకి చూస్తుంది. స్వింగ్ బాగున్నా బంతి ఎడమకే పోతుంది. ఎన్ని పాఠాలు చెప్పించుకున్నా అది పోదు, పైగా దాన్ని సరిచేయాలని చేతులతో ఏవేవో అలవాటు చేసుకుంటాం.

నాది 5 అడుగుల 2. వాడిన సెట్ల కోసం నెలల తరబడి వెతికాను. ఆడవాళ్లవని అమ్మేవన్నీ మెత్తటి షాఫ్ట్ (కర్ర)తోనే ఉన్నాయి, నా స్వింగ్‌కి అవి సరిపోవు. మగవాళ్ల సెట్ పొడవెక్కువ. అర అంగుళం కోయిస్తే స్వింగ్ వెయిట్ (ఊపేటప్పుడు తల ఎంత బరువు అనిపిస్తుందన్న కొలత) మూడు పాయింట్లు పడిపోతుంది, క్లబ్ తల ఉన్నట్టే చేతికి తెలియదు. చివరికి ఫిటింగ్ (నా కొలతకి, స్వింగ్‌కి క్లబ్బులు సరిచూడటం) చేయించుకుని కొత్తదే ఆర్డర్ పెట్టాను. సెకండ్ హ్యాండ్ మార్కెట్ సగటు ఎత్తు మగవాళ్లకే బాగుంటుంది. ఆడవాళ్లకీ, ఎడమచేతి వాళ్లకీ, బాగా పొట్టి, బాగా పొడుగు వాళ్లకీ అక్కడ దొరికేది తక్కువ. అందరికీ ఒకే సలహా ఇవ్వకండి.

ప్లేనో పెద్దన్న:
అక్కా, మీ కేసులో కొత్తదే కరెక్ట్, ఒప్పుకుంటాను. కానీ తమ్ముడి స్వింగ్ ఇంకా కుదురుకోలేదు. 105 కొట్టేవాడికి ఇవాళ ఫిటింగ్ చేస్తే ఆరు నెలల తర్వాత ఆ లెక్కే మారిపోతుంది. మంచి స్వింగ్ వచ్చాక కొత్తది కొనుక్కుంటాడు.

ఎడిసన్ అక్క:
స్వింగ్ మారుతుంది, చేతుల పొడవు మారదు కదండీ. మణికట్టు నుంచి నేల దాకా కొలిస్తే పొడవు, లై (షాఫ్ట్ నేలకి ఏ కోణంలో ఉండాలన్నది) దాదాపు తేలిపోతాయి. మిగతా చిన్న తేడా తర్వాత చూసుకోవచ్చు. కొలతలే తెలియకుండా కొనేవాడికి కొత్తదైనా పాతదైనా ఒకటే నష్టం.

గోల్కొండ గోల్ఫర్:
హైదరాబాద్ నుంచి ఒక మాట. ఇక్కడ కొత్త సెట్ ధరలో దిగుమతి సుంకం కూడా కలిసి ఉంటుంది కాబట్టి చాలామంది క్లబ్‌లో తెలిసినవాళ్ల దగ్గరే వాడినవి కొంటారు, లేదా అమెరికా నుంచి వచ్చే బంధువులతో తెప్పించుకుంటారు. నా అనుభవంలో మోసం జరిగేది వాడిన సెట్లలో తక్కువ. కవర్ కూడా విప్పని కొత్త సెట్ సగం ధరకే అన్నప్పుడు భయపడాలి. నకిలీవి అలాగే వస్తాయి. గీతలు పడి, సోల్ (క్లబ్ తల అడుగుభాగం) మీద మట్టి మరకలున్న సెట్‌ని నకిలీ చేసే ఓపిక ఎవరికీ ఉండదు.

చూసేటప్పుడు 9 ఐరన్, పిచింగ్ వెడ్జ్ ముందు చేతిలోకి తీసుకోండి. ఎక్కువ కొట్టేవి అవే. ఫేస్ మధ్యలో వేలిగోరు అడ్డంగా గీస్తే ప్రతి గ్రూవ్ అంచూ గోటికి తగలాలి. జారిపోతే ఆ సెట్‌తో గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద బంతి ఆగదు. తర్వాత అన్నిటినీ వరుసగా గోడకి ఆనించి నిలబెట్టండి. మెట్లు మెట్లుగా, ఒక్కోటీ సుమారు అర అంగుళం తేడాతో దిగాలి. ఎక్కడైనా మెట్టు తప్పితే ఒకటి విరిగి మార్చారన్నమాట, లేదా మధ్యలో ఎవరో కోయించారు. స్టీల్ షాఫ్ట్ అయితే హోసెల్‌ (క్లబ్ తల మెడ)లోకి దిగే చోట తుప్పు చూడండి.

ఫ్రిస్కో తమ్ముడు:
అందరికీ థాంక్స్. ఇంట్లో మా ఆవిడ మణికట్టు నుంచి నేలకి కొలిచింది. ఎత్తుకి తగ్గట్టే ఉంది, చేతులు పొట్టివీ కాదు, పొడుగువీ కాదు. శనివారం మెకిన్నీలో ఒకాయన జీ410 సెట్ చూపిస్తానన్నారు. రెగ్యులర్ షాఫ్ట్, హోసెల్ దగ్గర బ్లూ డాట్ ఉంది. గ్రూవ్స్ కొత్తవాటిలా ఉన్నాయి. ధర కూడా అందరికన్నా తక్కువ చెప్పారు. తీసేసుకోనా?

ప్లేనో పెద్దన్న:
వద్దు తమ్ముడూ. పింగ్‌లో బ్లాక్ డాట్ స్టాండర్డ్, బ్లూ అంటే టో ఇంకాస్త పైకి లేచే లై, రెడ్ అంటే చదునుది. నీకు ఇప్పటికే ఎడమకి పోతోంది, బ్లూ పట్టుకుంటే ఇంకా పోతుంది. వంచి సరిచేయొచ్చు అంటారు గానీ జీ410 తలలు 17-4 స్టెయిన్‌లెస్ అనే గట్టి ఉక్కు, ఫోర్జ్డ్ (కొట్టి చేసిన) కార్బన్ స్టీల్‌లా సులువుగా వంగవు. బ్లాక్ గానీ రెడ్ గానీ దొరికేదాకా ఆగు. ఆ మోడల్ మార్కెట్లో బోలెడు ఉంది. నచ్చింది దొరికాక హోసెల్ మీది సీరియల్ నంబర్ కంపెనీకి పంపితే మొదట ఏ లై, ఏ షాఫ్ట్‌తో చేశారో చెప్తారు. ఆ జవాబు వచ్చాకే డబ్బులివ్వు.

ఎడిసన్ అక్క:
ఆగే ఈ వారాల్లో ఫిటింగ్ కూడా చేయించుకో తమ్ముడూ. ఇప్పుడున్న 7 ఐరన్ సోల్‌కి టేప్ అంటించి లై బోర్డు (గట్టి పలక) మీద కొట్టిస్తారు, టేప్ మీద గీత హీల్ వైపు పడుతోందో టో వైపు పడుతోందో కళ్లారా చూస్తావు. బ్లాకా, రెడ్డా అన్నది అక్కడ తేలుతుంది. పెద్దన్న గారికి అది అనవసరం ఖర్చు, నా లెక్కలో మాత్రం సెట్ కంటే ముందు పెట్టాల్సిన డబ్బు అదే.