500 నోటులా పాంప్లెట్ వేస్తే కాపీరైట్ కేసు అవుతుందా?

ప్రొద్దుటూరు డీటీపీ:
అన్నా, నాది డిజైనింగ్ పని. దసరాకి ఒక బట్టల షాపు ఓనరు పాంప్లెట్ అడిగినాడు, అచ్చం 500 నోటు సైజు, అదే బూడిద రంగు, వెనక ఎర్రకోట, రిజర్వ్ బ్యాంకు పేరున్న చోట షాపు పేరు, ఇది తెస్తే 500 తగ్గింపు అని. అంతా చేసి ఇస్తే ప్లేటు తీసే అతను ఫైలు చూసి నేను చెయ్యను అనేశాడు, అప్పటి నుంచి టెన్షన్. నోటు బొమ్మకి కాపీరైట్ ఉంటుందా? 75 శాతం కంటే చిన్నగా, ఒకవైపే వేస్తే పర్వాలేదని నెట్‌లో చదివినా. గురువారానికి 5,000 కావాలంట.

కడప లాయరు:
తమ్ముడూ, ఆ 75 శాతం లెక్క అమెరికా వాళ్లది, డాలరుకి. మన చట్టంలో అట్లాంటి కొలత లేదు. ఇక్కడ కాపీరైట్ కంటే ముందు అడ్డొచ్చేది భారతీయ న్యాయ సంహిత 182వ సెక్షన్, పాత ఐపీసీలో 489-ఇ. నోటును పోలిన కాగితం ఏ అవసరానికి తయారు చేసినా, పంచినా నేరమే. జరిమానా 300 దాకానే, కానీ దాని మీద ఎవరి పేరుంటే వాళ్లే చేయించారని కోర్టు అనుకోవచ్చు, కాదని రుజువు చేసుకోవాల్సింది వాళ్లే. ఎవరు అచ్చేశారని పోలీసులు అడిగితే చెప్పకపోవడం ఇంకో నేరం. పైగా గాంధీ గారి బొమ్మను అనుమతి లేకుండా వ్యాపారానికి వాడకూడదని 1950 నాటి చట్టం ఉంది.

కర్నూలు ప్రెస్:
ప్లేటు తీయనన్నవాడికి దండం పెట్టు. మా అమ్మ పూలు అమ్ముతుంది. పోయినేడు పొద్దుగూకినాక ఒకడు నాలుగు మడతల 500 ఇచ్చి, రెండు మూరల మల్లెలు తీసుకొని, మిగతా చిల్లర లెక్కపెట్టుకొని మరీ పోయినాడు. ఇంటికొచ్చి మడత విప్పితే గాంధీ తాత ఉండాల్సిన చోట ఒక ఫర్నిచర్ షాపు ఫోన్ నంబరు. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. అచ్చేసినోడు మోసం చెయ్యాలనుకోలేదు, నిజమే, కానీ పోయింది మా అమ్మ డబ్బు.

ప్రొద్దుటూరు డీటీపీ:
ఓనరుకి ఇదంతా చదివి వినిపించినా. కాసేపు మాట్లాడలేదు, తర్వాత మార్చెయ్ అన్నాడు. చీర అంచు డిజైన్, మధ్యలో పెద్ద రూపాయి గుర్తు పెడుతున్నా. దానికి ఇబ్బంది లేదు కదా అన్నా?

కడప లాయరు:
లేదు, ధరలు రాయడానికి అందరూ వాడేదే. సైజు మాత్రం నోటంత పెట్టొద్దు, చతురస్రంగా కోయించు.