మట్టి వినాయకుణ్ణి చేసిన పిల్లకి పది ఆజ్ఞల పోస్టర్ గురించి ఏం చెప్పను?

కేటీ నాన్న:

మాది హ్యూస్టన్ పక్కన కేటీ. పదిహేనేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాం. రాజకీయాలు భోజనాల దగ్గర మాట్లాడుకోవడమే తప్ప ఎక్కడా రాసే అలవాటు లేదు. ఇప్పుడు రాయాల్సొచ్చింది. కారణం చట్టం కాదు, మా మామగారు.

టెక్సస్ ప్రభుత్వ బడుల్లో ప్రతి క్లాసులోనూ బైబిల్లోని పది ఆజ్ఞలు వేలాడదీయాలని చట్టం వచ్చిన సంగతి తెలిసిందే. సెనేట్ బిల్ 10, 2025 సెప్టెంబర్ 1 నుంచి అమలు. బడి తన డబ్బు పెట్టి కొనక్కర్లేదు, ఎవరైనా దానంగా తెచ్చిస్తే మాత్రం పెట్టి తీరాలి. కొలతలు కూడా చట్టంలోనే ఉన్నాయి. 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తుకి తగ్గకూడదు. క్లాసులో ఏ మూల కూర్చున్నవాళ్ళకైనా అక్షరాలు కనపడాలి. మా అమ్మాయి నాలుగో తరగతి. వాళ్ళ క్లాసులో పెన్సిల్ షార్ప్‌నర్‌కి సరిగ్గా పైన తగిలించారు. అది రోజుకి ఆరుసార్లు పెన్సిల్ చెక్కుకునే రకం, కాబట్టి రెండు వారాల్లో పదీ కంఠతా వచ్చేశాయి.

ఒక రాత్రి అన్నం తింటూ, "డాడీ, గ్రేవెన్ ఇమేజ్ అంటే ఏంటి?" అంది. చెక్కిన బొమ్మ, విగ్రహం అన్నాను. అది చేసుకోకూడదని ఆ పోస్టర్లో ఉంది. పెరుగు కలుపుకుంటూ కాసేపు ఆగింది. "మరి నేను చవితికి చేశాను కదా?"

చేసింది నిజమే. గుడిలో పిల్లలందరికీ తలా ఓ ముద్ద మట్టి ఇచ్చారు. దీని వినాయకుడికి తొండం రెండుసార్లు ఊడిపోతే మూడోసారి అగ్గిపుల్ల గుచ్చి నిలబెట్టింది. బకెట్లో నిమజ్జనం కూడా అయిపోయింది. కరిగిపోయిన విగ్రహం లెక్కలోకి వస్తుందా రాదా అన్నది దాని ధర్మసందేహం.

నాకు ఒళ్ళు మండింది. అప్పటికప్పుడు ల్యాప్‌టాప్ తీసి ప్రిన్సిపాల్‌కి ఈమెయిల్ మొదలుపెట్టాను. మామగారు తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. ఆరు నెలలుందామని వచ్చారు. సోఫాలోంచి లేవకుండానే అన్నారు: "అల్లుడుగారూ, మా బళ్ళో ఆఫీసు గదిలో సరస్వతీదేవి పటం ఉండేది. రోజూ దణ్ణం పెట్టించి ప్రార్థన చదివించాం. ముప్ఫై ఏళ్ళలో ఎవడూ నాకు ఉత్తరం రాయలేదే?"

అది మతం కాదు, మన సంస్కృతి అని నోటిదాకా వచ్చింది. వచ్చిన మాటని మింగేశాను, ఎందుకంటే ఇక్కడ ఈ చట్టం తెచ్చినవాళ్ళు చెప్పేదీ అచ్చంగా అదే. ఇది మతం కాదట, మా చరిత్ర, మా వారసత్వం అంటున్నారు.

కాబట్టి నా ప్రశ్న. ఆ పటానికీ ఈ పోస్టర్‌కీ తేడా ఉందా? ఉంటే తొమ్మిదేళ్ళ పిల్లకీ డెబ్బై నాలుగేళ్ళ హెడ్మాస్టరుగారికీ ఒకేసారి తలకెక్కేలా చెప్పగలవారెవరైనా ఉన్నారా? నచ్చకపోతే ఇండియా వెళ్ళిపొమ్మనేవాళ్ళు దయచేసి శ్రమపడకండి. ఆ సలహా నాకు ఆఫీసులోనే ఉచితంగా దొరుకుతోంది.

ఫ్రిస్కో కరీంనగర్:

అన్నా, నేను ఉల్టా మాట్లాడుతున్ననని కోపం చెయ్యకు. షుగర్ ల్యాండ్ల అష్టలక్ష్మి గుడి కాడ 2024 ఆగస్టుల 90 ఫీట్ల హనుమంతుణ్ణి నిలవెట్టుకున్నం. చినజీయర్ స్వామి చేతుల మీద అయింది, మేము డాలస్ నుంచి నాలుగ్గంటలు కారు నడుపుకుంట పోయి మొక్కివచ్చినం. తర్వాత సెనేట్‌కు నిలవడ్డ ఒక రిపబ్లికనాయన, గీ అబద్ధపు దేవుని విగ్రహం మన క్రైస్తవ దేశంల ఎందుకని పోస్టు వెట్టిండు. మన వాట్సాప్ గ్రూపులల్ల ఒకటే లొల్లి. ఎవరి మతం వాళ్ళదే, సర్కారు నడుమ రావద్దనే అమెరికా రాజ్యాంగ సవరణ ఉన్నది గద, ఫస్ట్ అమెండ్‌మెంట్ ఫస్ట్ అమెండ్‌మెంట్ అని ఒర్లినం. ఇప్పుడు వాళ్ళు గోడకు ఒక కాయితం అంటిస్తే గదే అమెండ్‌మెంట్ పట్టుకొని వద్దంటున్నం. మనకో న్యాయం, వాళ్ళకో న్యాయమా?

ఇంకోటి. దొంగతనం చెయ్యకు, అబద్ధమాడకు, అమ్మనాయిన్ని మంచిగ చూస్కో. ఇండ్ల చెడ్డదేమున్నది? నా కొడుకు పదమూడేండ్ల సంది నా మాటే ఇంటలేడు, గోడ మీది కాయితం మాట ఇంటడా!

ఆస్టిన్ పెద్దాయన:

తమ్ముడూ, హనుమంతుడు నిలబడింది గుడి సొంత స్థలంలో, భక్తుల చందాలతో. ఇష్టం లేనివాడు కారు ఆపకుండా పోతాడు. క్లాసు అలా కాదు. పిల్ల బడికి రాకపోతే తల్లిదండ్రులకి నోటీసు వస్తుంది. రప్పించేది ప్రభుత్వం, కూర్చోబెట్టేది ప్రభుత్వం, ఎదురుగా ఏది వేలాడాలో చెప్పేదీ అదే ప్రభుత్వం. నాకు కనపడే తేడా అంతే.

నేను ఆస్టిన్ వచ్చి ముప్ఫై ఎనిమిదేళ్ళయింది, ఇక్కడి కథ ఒకటి చెప్తాను. మా క్యాపిటల్, అంటే రాష్ట్ర శాసనసభ భవనం, ఆవరణలో ఆరడుగుల గ్రానైట్ రాయి మీద ఇవే పది ఆజ్ఞలున్నాయి. 1961లో ఈగల్స్ అనే సంఘంవాళ్ళు బహూకరించారు. థామస్ వాన్ ఆర్డెన్ అని ఒకప్పటి లాయరు, లైసెన్సు పోయి, ఇల్లూ లేక గుడారంలో పడుకునేవాడు. రోజూ ఆ రాయి పక్కనుంచే నడిచి న్యాయ గ్రంథాలయానికి వెళ్ళేవాడు. అక్కడే కూర్చుని, ఆ పుస్తకాలతోనే, ఆ రాయిని తీసెయ్యాలని తన కేసు తనే రాసుకుని కోర్టుకెక్కాడు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2005లో 5-4తో ఓడిపోయాడు. అదే రోజు, అదే కోర్టు, కెంటకీ కోర్టు భవనాల్లో పెట్టిన పది ఆజ్ఞల పటాలు చెల్లవని అదే 5-4తో చెప్పింది. రెండు తీర్పుల్లోనూ గెలిచిన పక్షాన ఉన్న జడ్జి ఒక్కడే, బ్రేయర్. నలభై ఏళ్ళుగా ఆ రాయితో ఎవరికీ పేచీ రాలేదు, పైగా అది బడి ఆవరణ కాదు, పసిపిల్లలున్నచోటైతే ప్రభుత్వం మరింత జాగ్రత్తగా ఉండాలి అని రాశాడాయన.

ఆ రాయి తరఫున టెక్సస్ అటార్నీ జనరల్ హోదాలో స్వయంగా వాదించింది ఎవరనుకున్నారు? గ్రెగ్ అబట్. ఇరవై ఏళ్ళ తర్వాత గవర్నరుగా ఈ పోస్టర్ చట్టం మీద సంతకం పెట్టిందీ ఆయనే. అంటే ఇది నిన్నా మొన్నా పుట్టిన మోజు కాదు.

మీ 16 బై 20 కొలత కూడా కొత్తది కాదు. కెంటకీ ఇదే కొలతతో, ఇలాగే విరాళాలతో క్లాసుల్లో పెట్టించింది. 1980లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2022లో ఫుట్‌బాల్ కోచ్ ప్రార్థన కేసులో కోర్టు, ప్రభుత్వం మతంలో తలదూర్చిందా లేదా అని తేల్చే తన పాత పద్ధతిని పక్కన పెట్టేసరికి, మళ్ళీ ఓ రాయి వేసి చూద్దామని లూసియానా, టెక్సస్ ఇలాంటి చట్టాలు తెచ్చాయి, టెక్సస్ ఆ పాత కొలతనే బయటికి తీసింది. 2025 ఆగస్టులో శాన్ ఆంటోనియోలో ఒక ఫెడరల్ జడ్జి కొన్ని స్కూల్ డిస్ట్రిక్టుల వరకు ఆపారు. ఆ కేసు వేసిన కుటుంబాల్లో యూదులున్నారు, క్రైస్తవులున్నారు, మనవాళ్ళూ ఉన్నారు. చర్చికి వెళ్ళేవాళ్ళే వద్దంటున్నారని మీ మామగారికి చెప్పండి. అలాగే మన రాజ్యాంగం 28వ అధికరణం కూడా ఓసారి చూపించండి. పూర్తిగా సర్కారు సొమ్ముతో నడిచే బడిలో మతబోధ కూడదని మనవాళ్ళూ రాసుకున్నారు. రాసుకున్నాక పటాలు తగిలించుకున్నారు, అది వేరే సంగతి.

ఫ్రిస్కో కరీంనగర్:

గుడారంల పండుకునేటోడు సుప్రీంకోర్టు దాంక పోయిండా! సరే పెద్దాయనా, బడికి రాకపోతే నోటీసనే ముచ్చట నాకు తట్టలేదు. గాని 90 ఫీట్లు పెట్టి, పక్కోని 20 ఇంచుల గురించి మాట్లాడుడు నాకైతే ఇంకా సిగ్గుగనే ఉన్నది.

ఒంగోలు అక్క:

కేటీ నాన్నగారూ, మీ మామగారికి ఎవరూ ఉత్తరం ఎందుకు రాయలేదో నేను చెప్తాను. ఆ పటం ముందు నిలబడిన పిల్లల్లో నాలాంటిదాన్ని ఒకదాన్ని.

మాది మూడు తరాలుగా బాప్టిస్టు కుటుంబం. మా ముత్తాతగారు మిషను బళ్ళో చదువుకున్నారు, నేను సర్కారు బళ్ళో. "పెదాలు కదుపు తల్లీ, గొంతు ఎత్తకు" అని మా అమ్మ చెప్పి పంపేది. "సరస్వతి నమస్తుభ్యం" నాకు ఇప్పటికీ తప్పుల్లేకుండా వచ్చు, గొంతు లేకుండా. సరస్వతీపూజ రోజున పులిహోర పెట్టేవాళ్ళు. ఇంట్లో తెలిస్తే ఊరుకోరని పలకసంచీలో దాచుకుని, దారిలో మునగచెట్టు కింద కూర్చుని తినేదాన్ని. పసుపు అంతా నోట్‌బుక్కుకి అంటేది. ఆ మరక ఏమిటని నాన్న అడిగితే పువ్వు నలిగిందని చెప్పాను. మా మేష్టారు దేవుడిలాంటి మనిషి, నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. ఆయనకి ఉత్తరం రాయాలని మా నాన్నకి కలలో కూడా తోచదు. మనం తక్కువమంది, వాళ్ళు మంచివాళ్ళు, ఇంకేం రాస్తాం?

ఇక్కడికొచ్చాక నేను ఎక్కువమందిలో చేరాను. ఆదివారం చర్చి, బుధవారం బైబిల్ స్టడీ. ఓటు కూడా మీకు నచ్చని పార్టీకే వేశాను, దాచుకోను. అయినా ఆ పోస్టర్ నాకు మింగుడుపడలేదు. మావారు ఆర్సీయం, అంటే కేథలిక్. పది ఆజ్ఞల్ని వాళ్ళు లెక్కపెట్టే తీరు వేరు, మేం లెక్కపెట్టే తీరు వేరు. వాళ్ళ లెక్కలో విగ్రహాల మాట విడిగా ఒక ఆజ్ఞ కాదు, మొదటిదాంట్లోనే కలిసిపోతుంది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళకి మా ఇంట్లో తేలని లెక్కని ఆస్టిన్‌లో ఓట్లేసి తేల్చేశారు. నా దేవుడి మాట ఏ వరసలో ఉండాలో సెనేటర్లు చెప్పడమేమిటండీ?

మీ పాపకి ఏం చెప్పాలో నాకు తెలీదు. ఒక్క పని చేయండి, ముగ్గురూ హ్యూస్టన్ మాంట్రోస్‌లో రాత్కో చాపెల్ అనే ప్రార్థనామందిరానికి వెళ్ళండి. టికెట్టు లేదు. డొమినిక్ డి మెనిల్, జాన్ డి మెనిల్ అనే కేథలిక్ దంపతులు కట్టించారు. మొదట కేథలిక్ గుడిగానే అనుకున్నది, చివరికి అన్ని మతాలవాళ్ళకీ, ఏ మతమూ లేనివాళ్ళకీ అయింది. ఎనిమిది మూలల గది, లోపల మార్క్ రాత్కో వేసిన 14 పెద్ద పెద్ద పటాలు. నలుపు, ముదురు వంకాయరంగు, అంతే. బొమ్మ అన్నది ఎక్కడా లేదు. మొదటిసారి చూసి, కరెంటు పోయిన టీవీల్లా ఉన్నాయనుకున్నాను. పైకప్పు అద్దంలోంచి పడే వెలుగు మబ్బు పట్టినప్పుడల్లా మారుతుంది, కూర్చుంటే ఆ నలుపులో రంగులు ఒక్కొక్కటే పైకి తేలతాయి. అవి ఆ గోడలెక్కడం రాత్కో చూడలేదు. 1970లో ప్రాణం తీసుకున్నాడు, గుడి తెరిచింది 1971లో.

బయట నీళ్ళలో ఒక ఉక్కు స్తంభం తలకిందులుగా, పిరమిడ్ కొన మీద కొన ఆనించి నిలబడి ఉంటుంది. బార్నెట్ న్యూమన్ చేసిన బ్రోకెన్ ఆబెలిస్క్. దాన్ని సిటీ హాల్ ముందు పెట్టి మార్టిన్ లూథర్ కింగ్‌కి అంకితం చేద్దామని ఆ దంపతులు అడిగితే, కింగ్ పేరుకి నగరం ఒప్పుకోలేదు. పేరు తీసేస్తే పెట్టుకోవచ్చు. వాళ్ళు పేరు తియ్యలేదు, స్తంభాన్నే తమ గుడి ముందుకి తెచ్చుకున్నారు. ఏది పెట్టాలో, ఏది పెట్టకూడదో ప్రభుత్వం చేతికిస్తే ఏమవుతుందో మీ మామగారికి చూపించడానికి హ్యూస్టన్‌లో ఇంతకంటే మంచి చోటు నాకు తెలీదు.

కేటీ నాన్న:

అక్కా, ఆదివారం వెళ్ళొచ్చాం.

గుమ్మంలో మామగారు చెప్పులు విప్పేశారు. అక్కడ ఎవరూ విప్పరు, ఎవరూ వద్దనీ అనలేదు. బల్ల మీద కూర్చున్నారు. ఐదు నిమిషాల్లో లేస్తారనుకున్నాను, నలభై నిమిషాలు కదల్లేదు. నిద్రపోయారేమోనని వంగి చూశాను. లేదు, ఎదురుగా ఉన్న నల్లపటం వంకే చూస్తున్నారు. నాకైతే పది నిమిషాలకే నడుం లాగింది, మీరు చెప్పిన రంగులు కూడా సరిగ్గా కనపడలేదు. మా అమ్మాయి గోడలన్నీ ఓ చుట్టు చూసొచ్చి నా చెవిలో అడిగింది: "డాడీ, ఇక్కడ బొమ్మలే లేవు. వీళ్ళు ఆ రూల్ పాటించారా?"

బయటికొచ్చాక స్తంభం కథ చెప్పాను. మామగారు చుట్టూ తిరిగి చూసి, కొన మీద కొన ఎలా ఆనిందో అడిగారు. అది తప్ప ఇంకేమీ అనలేదు. తిరుగు ప్రయాణంలో మీరు రాసింది ఫోన్లో చదివి వినిపించాను. ఐ-10 మీద సగం దారి వచ్చేదాకా మాట్లాడలేదు. తర్వాత, "మా బళ్ళో ఒక కుర్రాడు రోజూ ప్రార్థన అయిపోయాకే వచ్చేవాడు. ఆలస్యం చేస్తున్నాడని గేటు బయట ఎండలో నిలబెట్టేవాణ్ణి" అన్నారు. ఆ కుర్రాడెవరని అడిగాను. ఇంటిపేరు గుర్తుంది, మనిషి ఇప్పుడెక్కడున్నాడో తెలీదన్నారు.

ఇంటికొచ్చాక మాత్రం, "అయినా పటం ఉంటే తప్పేంటి" అన్నది మళ్ళీ మొదలైంది. ఫ్రిస్కో తమ్ముడూ, నీకు ఇక్కడ ఒక తోడు దొరికారు.

పాపకి నేను చెప్పిందల్లా, అది వాళ్ళ ఇంటి రూలు, మనింటి రూలు కాదు అని. "మరి మా క్లాసు ఎవరి ఇల్లు?" అంది. ఆ ప్రశ్నని ఉన్నదున్నట్టు ఈమెయిల్లో పెట్టేశాను. పంపడం ఇంకా కాలేదు. మామగారు కళ్ళజోడు పెట్టుకుని నా ఇంగ్లీషు దిద్దుతున్నారు. రెండో పేరాలో 'పోస్టర్' ముందు 'ది' ఉండాలట.