‘నిబంధన’ అంటే రూలేనా?

నిన్న ఒకరు అడిగారు: ట్రాఫిక్ నిబంధనలు, టెండర్ నిబంధనలు అంటాం కదా, మరి బైబిల్లో పాత నిబంధన, క్రొత్త నిబంధన అంటే పాత రూల్సు, కొత్త రూల్సు అనేనా అని. చిన్నప్పటి నుంచి చర్చిలో ఆ మాట వింటూ పెరిగిన నాకు కూడా చాలాకాలం అలాగే అనిపించేది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

కాదండీ. అక్కడి హీబ్రూ మాట ‘బెరీత్’. ప్రమాణం చేసి కలుపుకునే బంధం అది. హీబ్రూలో నిబంధన చేయడం అనే చోట ఎక్కువగా ‘కోయడం’ అనే క్రియే వాడతారు. ఎందుకో ఆదికాండము 15లో కనిపిస్తుంది. అబ్రాము (తర్వాత అబ్రాహాము అని పిలవబడినవాడు) దేవుడు చెప్పినట్టు ఒక పెయ్యను, మేకను, పొట్టేలును నడిమికి నరికి ముక్కలను ఎదురెదురుగా పెడతాడు. ఆ ముక్కల మధ్య నడిచినవాడు ‘మాట తప్పితే నా గతీ ఇంతే’ అని ఒప్పుకున్నట్టు (యిర్మీయా 34లో దూడను రెండుగా కోసి మధ్యలో నడిచి, ఆ తర్వాత మాట తప్పినవాళ్ల సంగతి చదివితే ఇది బాగా తెలుస్తుంది). కానీ అబ్రాము నడవలేదు. అతనికి గాఢనిద్ర పట్టింది. చీకటి పడ్డాక ‘రాజుచున్న పొయ్యియు అగ్నిజ్వాలయు’ మాత్రమే ఆ ఖండాల మధ్య నడిచిపోయాయి. ఆ నిప్పు దేవునికి గుర్తు. అంటే షరతులు పెట్టగల పెద్దవాడే తనను తాను కట్టేసుకున్నాడు. ఈ వచనం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను.

సంస్కరణ సంఘాలవాళ్లు (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ, ‘రిఫార్మ్డ్’ అంటారు) బైబిలంతటినీ ఈ నిబంధన అనే దారం పట్టుకునే చదివారు. జ్యూరిక్‌లో ఆ సంఘ నాయకుడు బుల్లింగర్ 1534లోనే దీనిమీద ఒక గ్రంథం రాశాడు. 1646లో లండన్‌లో తయారైన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రకటన ఏడో అధ్యాయం రెండు నిబంధనలు చెబుతుంది. ఆదాముతో చేసింది క్రియల నిబంధన, లోబడితే జీవం. అతను తప్పిపోయాక కృపా నిబంధన. అబ్రాహాము, మోషే, దావీదు, చివరికి యేసు సిలువకు ముందు రాత్రి భోజనం దగ్గర గిన్నె పట్టుకుని చెప్పిన క్రొత్త నిబంధన, ఇవన్నీ ఆ ఒక్క కృపా నిబంధనే దశలు దశలుగా విప్పుకోవడం అంటారు. అలా చూస్తే ‘పాత’ అంటే చెల్లిపోయిన రూల్ బుక్ కానే కాదు. బ్రెదరిన్ అనే మరో ప్రొటెస్టెంట్ శాఖ సహవాసాల్లో చాలామంది ఇలా చెప్పరు, యుగాలుగా విడదీసి ఇశ్రాయేలు వేరు, సంఘం వేరు అంటారు. గోదావరి జిల్లాలవాళ్లకు ఆ బోధ పరిచయమే.

ఇంకొక్కటి. హీబ్రూ నుంచి గ్రీకులోకి తెచ్చినవాళ్లు బెరీత్‌ను ‘దియథేకే’ అన్నారు, దానికి వీలునామా అని కూడా అర్థం. అందుకే హెబ్రీయులకు 9:16లో మన అనువాదకులు నిబంధన అనకుండా ‘మరణశాసనము’ అన్నారు. గ్రీకులో ఒకటే మాట, తెలుగులో రెండయ్యాయి. ఇది తెలియకపోతే ఆ అధ్యాయం మధ్యలో వీలునామా ఎందుకొచ్చిందో అస్సలు అర్థం కాదు.

కామెంట్లలో ‘ఒడంబడిక అంటే సరిపోయేది కదా’ అన్నవారికి: ఒడంబడటం అంటే ఇద్దరూ మాట్లాడుకుని సరే అనుకోవడం. అక్కడ అబ్రాము నిద్రలో ఉన్నాడు, దేనికి ఒడంబడ్డాడు? నిబంధనలో బంధం ఉంది, కట్టు ఉంది. నాకైతే ఆ మాటే కావాలి.