క్రిస్మస్ బిర్యానీకి వెయ్యిలోపు వైన్: రెడ్డా, వైటా?

బల్లార్షా తమ్ముడు:
అందరికీ నమస్తే. క్రిస్మస్ మధ్యాహ్నం భోజనానికి మంచిర్యాల నుంచి అక్కా బావా వస్తున్నారు. మొత్తం 14 మందిమి, తాగేవాళ్ళు 9 మంది. మటన్ బిర్యానీ, నాటుకోడి పులుసు, చేపల వేపుడు, చివర్లో ప్లమ్ కేకు. కొనేది రెండే సీసాలు, ఒక్కోటి వెయ్యి రూపాయలు దాటకూడదు. మటన్ ఉన్నచోట రెడ్ వైనే ఉండాలంటాడు బావ. పోయినేడు ఆయన మాట విని రెడ్ తెచ్చాను. బిర్యానీ తింటూ ఒక గుక్క తాగితే నాలుకంతా వగరు, కారం రెట్టింపు. అక్కయితే కళ్ళు తుడుచుకుంటూ మజ్జిగ అడిగింది. సగం సీసా సింకులో పోశాం. ఈసారి వైట్ తెద్దామంటున్నాను. ఎవరిది రైటు?

నాందేడ్ వంటిల్లు:
తమ్ముడూ, నీదే రైటు. మటన్‌కి రెడ్ అన్న మాట మనంత కారం తినని దేశాల్లో పుట్టింది. అక్కడ మాంసానికి ఉప్పూ మిరియాలూ పట్టించి కాలుస్తారు. ఆ కొవ్వుకి రెడ్‌లో ఉండే వగరు బాగా కుదురుతుంది. ఆ వగరుని టానిన్ అంటారు. ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో ఉంటుంది. రెడ్ వైన్‌ని తొక్కలతోనే పులియబెడతారు. వైట్‌కి ముందే రసం పిండి తొక్క తీసేస్తారు కాబట్టి అందులో వగరు చాలా తక్కువ. మిరపకారం తిన్న నోట్లో ఆ వగరు పడితే మంట పెరుగుతుంది. ఆల్కహాల్ శాతం ఎక్కువైనా అంతే.

మంటని తగ్గించేవి కాస్త తీపి, చల్లదనం. పులుసులో కారం ఎక్కువైతే బెల్లం ముక్క వేస్తాం కదా, ఇదీ అలాంటిదే. అందుకే మాంసం ఏదని చూడకు, కారం ఎంతని చూడు. నాసిక్ వైపు షెనిన్ బ్లాంక్ అనే ద్రాక్షతో చేసే వైట్లు ఉంటాయి. సులా కంపెనీ వాళ్ళ షెనిన్ బ్లాంక్‌లో ఆ కొద్దిపాటి తీపి తెలుస్తుంది. మొన్న దసరాకి మా ఇంట్లో బగారన్నం, మటన్ కూరతో అదే పెట్టాను. సీసా బయట నీటి చుక్కలు పట్టేంత చల్లగా ఉండాలి, మూడు గంటలైనా ఫ్రిజ్‌లో పెట్టు. నాటుకోడి పులుసులో చింతపండు ఉంటుంది కాబట్టి వైన్‌లోనూ పులుపు ఉండాలి. లేకపోతే పులుసు ముందు వైన్ చప్పగా, నీళ్ళలా అనిపిస్తుంది. షెనిన్‌లో ఆ పులుపు కూడా ఉంది.

చంద్రపూర్ బొగ్గుబాయి:
అక్కా, కారం సంగతి ఒప్పుకుంటాను. కానీ రెడ్‌ని మొత్తానికి పక్కన పెట్టొద్దు. చాలామంది చేసే తప్పు దాన్ని వేడిగా పోయడం. రెడ్‌ని గది వేడిలోనే తాగాలని ఎక్కడో విని అలమారలోంచి తీసి నేరుగా పోస్తారు. ఆ మాట చలిదేశాల గదుల గురించి, అంటే 16 నుంచి 18 డిగ్రీలు. మన మధ్యాహ్నం వంటింట్లో, పక్కన బిర్యానీ దమ్ము మీద ఉంటే, ఎంత వేడి ఉంటుందో మీకే తెలుసు. వేడెక్కిన రెడ్‌లో ఆల్కహాల్ ఘాటు ముక్కుకి కొడుతుంది. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి పోసి చూడండి, వేరే వైన్ తాగినట్టు ఉంటుంది.

తమ్మీ, బావగారి మాట కూడా తీసేయకు. భోజనానికి ముందు కారం తగ్గించి మిరియాలతో మటన్ వేపుడు కొంచెం చెయ్యి, దాంతో రెడ్ పోయి. బిర్యానీ వచ్చాక వైట్ తియ్యి. సీసా మీద రిజర్వ్ అని రాసినవి మాత్రం వద్దు. చాలావరకు చెక్క పీపాల్లో నిలవ ఉంచినవి, మన మసాలా ముందు ఆ చెక్క వాసన నప్పదు.

బల్లార్షా తమ్ముడు:
వేడి అంటే గుర్తొచ్చింది. పోయినేడు కొన్న సీసా దుకాణంలో ముందు అద్దాల దగ్గర, ఎండ పడేచోట నిలబెట్టి ఉంది. మూత చుట్టూ ఎర్రటి జిగురు మరక కూడా ఉంది. అడిగితే ఏం కాదు తీసుకెళ్ళమన్నారు. పండగ హడావుడిలో తెచ్చేశాను.

సోలాపూర్ మగ్గం:
అదే అసలు కారణం కావచ్చు. మరక ఉందంటే వేడికి లోపల వైన్ ఉబ్బి బయటికి కారిందన్నమాట. అలాంటిది ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దు.

మా జిల్లాలో అక్లూజ్ దగ్గర ఫ్రాటెల్లి అనే వైన్ కంపెనీ వాళ్ళ తోటలున్నాయి, అందుకే ఒక లెక్క చెబుతాను. మహారాష్ట్రలో వైన్ ద్రాక్ష కోత దాదాపు జనవరి నుంచి మార్చి దాకా. సీసా మీద ఉండేది కోత సంవత్సరం. డిసెంబర్‌లో కొంటూ ఇదే సంవత్సరం ఉన్నది తీసుకుంటే వైట్ ఏడాదిలోపుదే. వెయ్యిలోపు వైట్లు దాచుకునేవి కావు, తాజాగా ఉన్నప్పుడే తాగేయాలి. మూడేళ్ళ నాటిది కనబడితే పాతది కదా మంచిదని మోసపోవద్దు.

ఇంకోటి, మంచిర్యాల నుంచి వచ్చేవాళ్ళని తెమ్మనకండి. 2001లో ఇక్కడి మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష వైన్‌కి ప్రత్యేక విధానం తెచ్చి పన్నులో వెసులుబాటు ఇచ్చింది. నాసిక్ సీసా ఇటువైపే చవక.

సిరొంచ గోదారి:
నేను ఒప్పుకోని మాట ఒకటి చెప్పాలి. మా గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం. మీ చంద్రపూర్ జిల్లాలోనూ 2015 నుంచి 2021 దాకా ఉండేది. ఆడవాళ్ళు రోడ్డెక్కి ఏళ్ళ తరబడి అడిగితే వచ్చింది. తాగుడుకి మా చిన్నాన్న పొలం పోయింది, పిల్లల చదువు పోయింది. పండగ పూట పిల్లల ఎదురుగా సీసా పెట్టి దానికి మర్యాద ఇవ్వడం నాకు నచ్చదు. రెండు సీసాల డబ్బుతో ఆ 14 మందికీ ఇంకో రెండు వంటలు వస్తాయి. ఎవరైనా పండగ తర్వాత మిగిలిన సీసా బండిలో వేసుకుని మా వైపు వస్తే కేసవుతుంది, అది కూడా గుర్తుపెట్టుకోండి.

నాందేడ్ వంటిల్లు:
అన్నా, మీ ఇంట్లో జరిగింది చదివి బాధేసింది. వైన్ కూడా మద్యమే, కాదనను. అందుకే లెక్క రాస్తున్నాను తమ్ముడూ. 750 మిల్లీలీటర్ల సీసాకి 150 చొప్పున 5 గ్లాసులు. రెండు సీసాలకి 10, మీ 9 మందికి తలా ఒకటి. మూడో సీసా జోలికి పోకు. సాయంత్రం బండి నడిపేవాళ్ళకి ఆ ఒక్కటీ పోయొద్దు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసే. పిల్లలకీ తాగనివాళ్ళకీ ద్రాక్షరసంలో సోడా, నిమ్మకాయ కలిపి అవే గ్లాసుల్లో ఇవ్వు.

రాజురా అమ్మాయి:
కేకు సంగతి ఎవరూ చెప్పలేదు. తీపి కేకుతో తీపి లేని వైన్ తాగితే పుల్లగా, చేదుగా అనిపిస్తుంది. మా అమ్మమ్మ చవకరకం తియ్యటి పోర్ట్ వైనే కొంటుంది, చిన్న గ్లాసులో రెండు గుక్కలు. పోర్చుగల్‌లో అసలు పోర్ట్‌కి పులిసే మధ్యలో బ్రాందీ పోస్తారు, పులవడం ఆగి తీపి మిగిలిపోతుంది, ఘాటూ పెరుగుతుంది. మన దుకాణాల్లో ఆ పేరుతో దొరికేది అది కాకపోయినా, ప్లమ్ కేకుకి ఆ తీపి బాగుంటుంది.

బల్లార్షా తమ్ముడు:
పోర్ట్ వద్దులే, మూడో సీసా అవుతుంది. ఒక షెనిన్, ఒక రెడ్ అనుకున్నాను. చేపల వేపుడులో కారం తగ్గించమని అమ్మకి చెప్పాను, ఒప్పుకోలేదు. మిరియాల మటన్‌కి మాత్రం సరేనంది. సిరొంచ అన్నా, పిల్లలకి వేరే గదిలో ముందుగా వడ్డిస్తాం, సీసాలు ఆ తర్వాతే బయటికి తీస్తాం. రెడ్‌ని ఫ్రిజ్‌లో పెడితే బావ ఏమంటాడోనని కొంచెం టెన్షన్‌గా ఉంది.

చంద్రపూర్ బొగ్గుబాయి:
ముందే చెప్పకు. పోసిచ్చి, తాగాక చెప్పు.