జెఫర్సన్‌కు మార్షల్ ఏ వరస అవుతాడు? వర్జీనియా రాండాల్ఫుల వంశవృక్షం గురించి

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు నుంచి)

అందరికీ నమస్కారం. న్యాయశాస్త్రం చదువుతున్న మా విద్యార్థుల కోసం వర్జీనియా రాండాల్ఫ్ కుటుంబపు వంశవృక్షాన్ని తెలుగులో సిద్ధం చేస్తున్నాను. 1650లో ఇంగ్లండులో పుట్టి, వలస వచ్చి, జేమ్స్ నది ఒడ్డున టర్కీ ఐలండ్ అనే ఎస్టేటులో స్థిరపడి, 1711లో కన్నుమూసిన విలియం రాండాల్ఫ్, ఆయన భార్య మేరీ ఐషమ్ ఈ కుటుంబానికి మూల దంపతులు. 1774లో కాంటినెంటల్ కాంగ్రెస్‌కు (అమెరికా వలస రాజ్యాల ప్రతినిధుల సభకు) తొలి అధ్యక్షుడైన పేటన్ రాండాల్ఫ్, అమెరికా తొలి అటార్నీ జనరల్ ఎడ్మండ్ రాండాల్ఫ్, మూడవ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్, 1801 నుంచి 1835 వరకు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న జాన్ మార్షల్ అందరూ ఆ దంపతుల సంతతే. ఇంగ్లీషు పుస్తకాలు వీరిలో చాలామందిని ఒకరికొకరు కజిన్ అని చెప్పి ఊరుకుంటాయి. ఆ ఒక్క మాటతో మన పాఠకుడికి బంధుత్వం బోధపడదు. పైగా ప్రతి తరంలోనూ విలియం, థామస్, జాన్, రిచర్డ్ అనే పేర్లే తిరిగి వస్తుండడంతో ఎవరు ఎవరో తేల్చుకోవడం కష్టంగా ఉంది. దీనిని ఎలా సర్దాలో పెద్దలు చెప్పగలరా?

జవాబు 1 (సత్యనారాయణపురం, విజయవాడ నుంచి)

పేర్ల చిక్కును ఆ కుటుంబమే తీర్చుకుంది. మనం ఇంటిపేరు ఒకటే అయినప్పుడు ఫలానా ఊరివారని చెప్పుకున్నట్టే, విలియం కొడుకులలో థామస్‌ను టకహో రాండాల్ఫ్ అనీ, ఐషమ్‌ను డంజెనెస్ రాండాల్ఫ్ అనీ, రిచర్డ్‌ను కర్ల్స్ రాండాల్ఫ్ అనీ వారి ఎస్టేట్ల పేర్లతో గుర్తిస్తారు. మీ పటంలో ఒక్కో కొమ్మకు ఎస్టేటు పేరే శీర్షికగా పెట్టండి.

ఇక వరసల సంగతి. కజిన్ అనే మాటను పక్కన పెట్టి మన పద్ధతిలో లెక్క కట్టండి, అంతా స్పష్టమవుతుంది. డంజెనెస్ ఐషమ్ కూతురు జేన్, జెఫర్సన్ తల్లి. ఐషమ్ తమ్ముడు సర్ జాన్ కొడుకు పేటన్. అన్నదమ్ముల బిడ్డలు కాబట్టి జేన్, పేటన్ అక్కాతమ్ముళ్ళ వరస. అంటే పేటన్ జెఫర్సన్‌కు మేనమామ. పేటన్ తమ్ముడి కొడుకైన ఎడ్మండ్ జెఫర్సన్‌కు బావమరిది.

మార్షల్ దగ్గర లెక్క ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. టకహో థామస్ కూతురు మేరీ, ఆమె కూతురు మేరీ కీత్, ఆమె కొడుకు జాన్ మార్షల్. జేన్, టకహో వారి మేరీ అక్కచెల్లెళ్ళ వరస కాబట్టి వారి బిడ్డలైన జెఫర్సన్, మేరీ కీత్ అక్కాతమ్ముళ్ళ వరస అవుతారు. కనుక మార్షల్ జెఫర్సన్‌కు సాక్షాత్తూ మేనల్లుడు. జీవితాంతం ఒకరినొకరు నమ్మని ఈ ఇద్దరి మధ్య ఇంత దగ్గరి వరస ఉందని తేలినప్పుడు నేను చాలాసేపు ఆ కాగితాన్నే చూస్తూ ఉండిపోయాను. 1801లో జెఫర్సన్ చేత అధ్యక్ష పదవీ ప్రమాణం చేయించినది ఈ మేనల్లుడే.

మరొకటి. 1790లో జెఫర్సన్ కూతురు మార్తాను పెళ్ళాడిన థామస్ మాన్ రాండాల్ఫ్, టకహో థామస్‌కు మునిమనవడు. జెఫర్సన్, ఆ అబ్బాయి తండ్రి బావాబావమరదుల వరస కాబట్టి ఆ పెళ్ళి మనవారు కూడా తప్పుపట్టలేని మేనరికమే.

జవాబు 2 (గుంటూరులో న్యాయవాదిని)

భాగపంపకాల దావాలలో వంశవృక్షం దాఖలు చేసేటప్పుడు మేము రక్తసంబంధంతో పాటు ఏ ఆస్తి ఎవరికి దిగిందో కూడా చూపిస్తాము. ఈ కుటుంబంలో అలా దిగింది పదవి. సర్ జాన్ లండన్‌లోని న్యాయవాదుల విద్యాసంస్థ గ్రేస్ ఇన్‌లో చదివి, 1734 నుంచి 1737లో మరణించే వరకు వర్జీనియా శాసనసభ అయిన బర్జెసుల సభకు స్పీకరుగా ఉన్నాడు. ఆయన కొడుకులు పేటన్, జాన్ ఇద్దరూ అలాంటిదే మరొకటైన మిడిల్ టెంపుల్‌లో చదివినవారే. వర్జీనియా అటార్నీ జనరల్‌గా ఉన్న పేటన్ 1766లో స్పీకరు కాగా, ఖాళీ అయిన ఆ పదవి తమ్ముడు జాన్‌కు వచ్చింది; 1775లో జాన్ రాజు పక్షాన నిలిచి ఇంగ్లండు వెళ్ళిపోయాడు. కొడుకు ఎడ్మండ్ మాత్రం తండ్రిని విడిచి, పెదనాన్న పేటన్ దారిలో నడిచి, సేనాపతి జార్జి వాషింగ్టన్ కొలువులో చేరి, మరుసటి ఏడాది స్వతంత్ర వర్జీనియాకు అటార్నీ జనరల్ అయ్యాడు.

మీ విద్యార్థులకు 1807లో రిచ్‌మండ్‌లో జరిగిన మాజీ ఉపాధ్యక్షుడు ఆరన్ బర్ దేశద్రోహ విచారణను తప్పక చూపించండి. బర్‌కు శిక్ష పడాలని పట్టుబట్టిన అధ్యక్షుడు జెఫర్సన్. విచారించిన న్యాయమూర్తి మార్షల్. బర్ తరఫు న్యాయవాదులలో ఎడ్మండ్ ఒకడు. అభియోగం మోపాలో వద్దో తేల్చే గ్రాండ్ జ్యూరీకి పెద్ద, కర్ల్స్ రిచర్డ్ మనవడైన రోనోక్ జాన్ రాండాల్ఫ్. నలుగురూ టర్కీ ఐలండ్ విలియం సంతతే. మార్షల్ ఏకంగా అధ్యక్షుడికే సమను పంపాడు, చివరకు బర్ నిర్దోషిగా బయటపడ్డాడు. న్యాయమూర్తి స్వతంత్రత అంటే ఏమిటో ఇంతకంటే బాగా చూపే కేసు నాకు తెలియదు.

జవాబు 3 (విజయవాడ నుంచి)

పై జవాబులు ఎంతో ఉపకరించాయి, కానీ మీ పటంలో చోటు దక్కని మనుషులను మరువవద్దని కోరుతున్నాను. ఈ ఎస్టేట్లన్నీ బానిసల శ్రమ మీద నిలిచినవే. 1833లో మరణించిన రోనోక్ జాన్ తన బానిసలను విడుదల చేయాలని వీలునామా రాశాడు. కానీ ఆయన పలుమార్లు వీలునామాలు మార్చడం వల్ల, ఏది చెల్లుతుందో తేలేవరకు వారు బానిసత్వంలోనే ఉండి, 1846లో గాని ఒహాయోకు బయలుదేరలేకపోయారు. వారు దాదాపు 380 మంది. వంశవృక్షం కింద వారికొక పేరా కేటాయించడం ధర్మమని నా అభిప్రాయం.

ప్రశ్న వేసినవారి స్పందన

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. బానిసల గురించిన పేరాను తప్పకుండా చేరుస్తాను. వరసలు లెక్క కట్టినప్పుడు ఒక విషయం తెలిసింది: నేను గీసుకున్న మొదటి పటంలో కొడుకుల పేర్లే ఉన్నాయి, జేన్, మేరీ, మేరీ కీత్ లేకపోతే జెఫర్సన్, మార్షల్ ఇద్దరూ అందులోకి రానే రారు. అందుకని ఆడపడుచుల పేర్లు, పుట్టిన చోట్లు కూడా వేసి కొత్త పటం మొదలుపెట్టాను. జేన్ లండన్‌లోని షాడ్‌వెల్‌లో పుట్టింది. ఆమె భర్త పీటర్ జెఫర్సన్ వర్జీనియాలోని తన ఎస్టేటుకు ఆ పేరే పెట్టాడు, థామస్ అక్కడే పుట్టాడు. ఆమె గడిలో ముందుగా ఆ పేరే రాశాను.