పల్లె చర్చి చరిత్ర కరువుతోనే మొదలుపెట్టాలా?

పెరంబూరు మనవడు: కనిగిరి వైపున ఉన్న మా పల్లె చర్చికి చరిత్ర పుస్తకం వేస్తున్నారు. చెన్నైలో ఉన్న మమ్మల్ని చందా అడిగారు. ‘ధాత కరువులో క్లౌ దొర కూడు పెట్టగా మన పెద్దలు బాప్తిస్మం పుచ్చుకున్నారు’ అన్నదే మొదటి వాక్యం. ధాత కరువంటే 1876–78 నాటి పెద్ద కరువు, క్లౌ అంటే ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. అది మారిస్తే తప్ప ఇవ్వనన్నాను. మీరేమంటారు?

తిరువొత్తియూరు అన్న: అందులో అబద్ధమేముంది తమ్ముడూ? 1878 జూలై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువు రాకపోతే అంతమంది కదిలేవారా? ఆకలి తీర్చినవాళ్లను తలుచుకుంటే చిన్నతనమా?

పెరంబూరు మనవడు: తలుచుకుందాం అన్నా, కానీ వరస తప్పింది. తాళ్ళకొండపాడు యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల బేరానికి ఏలూరు వైపు వెళ్లి క్రీస్తు మాట విన్నాడు. 1866లో ఆయన, భార్య నాగమ్మ మిషనరీ జూయెట్ చేతుల మీదుగా బాప్తిస్మం పొందారు. అప్పటికి క్లౌ ఒంగోలుకే రాలేదు! కరువు పదేళ్ల తర్వాతి మాట. ఆ కూడు కూడా ఊరికే పెట్టింది కాదు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. మన మాదిగ పెద్దలు ఎండలో మట్టి తవ్వి, తట్టలు మోసి కూలి తీసుకున్నారు. ఇక్కడ మైలాపూర్ స్టేషన్ పక్కన పారేది ఆ కాలువే. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదనే క్లౌ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. ఇవన్నీ వదిలేసి ‘కూడు పెట్టగా’ అని రాస్తే, మనల్ని ఎప్పుడూ అనే మాటనే మనమే అచ్చువేసుకున్నట్టు.

మైలాపూరు టీచరమ్మ: బాబూ, బాప్తిస్మాలు ఆపినంత మాత్రాన కరువుకు సంబంధం లేదనలేం. పని చూపించి, తోడు నిలిచినవాళ్ల మీద గురి కుదరదూ? ఆ గురి కూడా విశ్వాసంలో భాగమే, దాచక్కర్లేదు. నా బాధ వేరే. ఆ 2,222 మందికీ బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా నీళ్లలో నిలబడి. దొర ఇవ్వలేదు. కాలువ పనిలో కూలీలను చూసుకుంటూ, ఖాళీ దొరికినప్పుడు వాక్యం చెప్పిందీ మన బోధకులే. మీ పుస్తకంలో వాళ్ల పేర్లున్నాయా?

పెరంబూరు మనవడు: ఒక్కటీ లేదమ్మా. దొరల ఫొటోలకు మాత్రం నాలుగు పేజీలు.

తిరువొత్తియూరు అన్న: అది మాత్రం అన్యాయమే. అయినా కరువును వెనక్కి నెట్టనివ్వను. మా నాయనమ్మ వాళ్లింట్లో ఆ ఏడాది పోయినవాళ్లను తలుచుకోకుండా క్రిస్మస్ జరిగేది కాదు.

పెరంబూరు మనవడు: సరే అన్నా, కరువుకు ఒక అధ్యాయం నిండుగా ఉండాలి. మొదటి పేజీ మాత్రం పేరయ్య, నాగమ్మలదే. పాస్టరు గారిని పాత బాప్తిస్మ రిజిస్టరు ఫొటోలు పంపమని అడుగుతున్నా. మీ ఊళ్ల రిజిస్టర్లలో బోధకుల సంతకాలుంటే ఇక్కడ పెట్టండి.