పొటాషియం చూపించే ఫ్లోరసెంట్ సెన్సర్ రక్తంలో ఎలా పనిచేస్తుంది?

కవిటి అబ్బాయి:
నాన్నకి డయాలసిస్ నడుస్తోంది. మొన్న ఇంటి దగ్గరే రక్తం తీయించి, ట్యూబుని ఐసు వేసిన ఫ్లాస్కులో పెట్టుకుని బండి మీద సోంపేట పట్టుకెళ్లాను. ల్యాబులో ఇచ్చేసరికి మూడు గంటలు దాటింది. పొటాషియం 6.4 (లీటరుకి మిల్లీమోల్స్‌లో) వచ్చింది! గుండె ఆగిపోతుందేమోనని ఒకటే టెన్షన్. పరుగున ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడ మళ్లీ రక్తం తీసి చూసి 4.9 అన్నారు.

నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. ఫ్లోరసెంట్ సెన్సర్ (వెలుగు పడితే తనూ వెలిగేది) ఉన్న చిన్న క్యాసెట్‌లో కొంచెం రక్తం వేస్తే అక్కడికక్కడే పొటాషియం తెలుస్తుందని మా మాస్టారు చెప్పారు. సోడియం 140 ఉన్నచోట నాలుగో ఐదో ఉండే పొటాషియాన్ని అదెలా గుర్తుపడుతుంది? అంత ఎర్రటి రక్తంలో ఆ వెలుగు ఎలా కనబడుతుంది? మా ఉద్దానంలో ఊరూరా కిడ్నీ రోగులే. ఇలాంటిది దగ్గర్లో ఉంటే ఎంత బావుండును.

కెమిస్ట్రీ మేడమ్, విజయనగరం:
బాబూ, ఆ సెన్సర్ అణువులో ఒక పక్క పొటాషియాన్ని పట్టే పంజరంలాంటి భాగం, ఇంకో పక్క వెలుగునిచ్చే రంగు పదార్థం ఉంటాయి. పంజరంలోని నైట్రోజన్ నుంచి ఎలక్ట్రాన్ రంగులోకి దూకి వెలుగుని ఆర్పేస్తుంటుంది. పొటాషియం వచ్చి కూర్చుందంటే ఆ ఎలక్ట్రాన్‌ని కదలనివ్వదు, రంగు వెలుగుతుంది. సోడియం చిన్నది, ఆ పంజరంలో సరిగ్గా ఇమడదు. ట్రైఅజాక్రిప్టాండ్ అనే పంజరంతో 2003లో దీన్ని చేసి చూపించారు. ఈ ఆర్పి వెలిగించే పద్ధతికి బాటవేసినవారిలో శ్రీలంకలో పుట్టి బెల్‌ఫాస్ట్‌లో పనిచేసిన ప్రసన్న డిసిల్వా ఒకరు.

ఇక ఎరుపు సంగతి. హీమోగ్లోబిన్ 415 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర వెలుగుని విపరీతంగా మింగేస్తుంది. అందుకే సెన్సర్ మీద కార్బన్ కలిపిన నల్లటి పొర వేస్తారు. రక్తం అటు, వెలుగు ఇటు. పొటాషియం మాత్రం ఆ పొరలోంచి ఇంకి సెన్సర్ దాకా వస్తుంది.

ల్యాబ్ టెక్నీషియన్, పలాస:
తమ్ముడూ, ముందు నీ ఫ్లాస్కు సంగతి చూడు. ఎర్ర కణాల లోపల పొటాషియం 140 దాకా ఉంటుంది. చల్లబడితే దాన్ని లోపల నిలిపే పంపు మందగించి బయటికి కారుతుంది. కుదుపులకి కణాలు పగిలితే మరీ పెరుగుతుంది. మేం సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక పైన తేరిన సీరం లేత పసుపుగా ఉండాలి. గులాబీ రంగు కనబడితే కణాలు పగిలాయన్నమాట. రక్తాన్ని నేరుగా వేసే క్యాసెట్‌లో ఆ రంగు చూసే వీలుండదు, నంబరు మాత్రం వచ్చేస్తుంది. నీ రిపోర్టు కింద ఏమన్నా రాశారేమో చూడు. 6 దాటితే మాత్రం నువ్వు చేసినట్టే, వెంటనే ఆసుపత్రికే.

కవిటి అబ్బాయి:
చూశానన్నా. కింద చిన్న అక్షరాల్లో ‘హీమోలైజ్డ్ శాంపిల్’ అని, అంటే కణాలు పగిలిన రక్తమని ఉంది. ఆ రోజు నా కంటికి 6.4 తప్ప ఇంకేమీ కనబడలేదు. ఈసారి నాన్నని ల్యాబుకే తీసుకెళ్లి తీయిస్తాను. మేడమ్, ఆ నల్ల పొరని మా కాలేజీ ల్యాబులో చేయడం కుదురుతుందా?